చిన్న చిత్రముల దర్శకులును పెద్ద చిత్రముల భారమును

చలనచిత్రము ముగిసినతోడనే ప్రేక్షకులలో చాలమంది లేచి ద్వారమువైపు నడచుదురు. తెఱమీద పేర్లు వచ్చుచునే యుండును గాని చదువువారు తక్కువ. నాకు మాత్రము ఆ పేర్లను తుదివఱకు చదువుట చిరకాలపు అలవాటు. ఉపాధ్యాయునకు హాజరుపట్టీ యెట్టిదో నాకు ఆ పట్టిక యట్టిది. ఇట్లు చదువుచుండగా కొన్ని సంవత్సరములుగా ఒక వింత నా కంటబడుచున్నది. మానవాతీతమగు బలముగల వీరుల కథలను, అనగా సూపర్ హీరో చిత్రములను, తీయుటకు హాలీవుడ్ సంస్థలవారు తఱచుగా నియమించు దర్శకులు పెద్ద చిత్రములు తీసి పేరుపొందినవారు కారు. కొద్దిపాటి సొమ్ముతో, కొద్దిమంది స్నేహితుల సాయముతో, ఏదో యొక యూరి కథను తీసినవారు. వీరిని స్వతంత్ర చిత్రదర్శకులందురు. మన విద్యార్థులు ఈ పెద్ద చిత్రములను తెలుగు మాటలతో చూచివచ్చి వీరుల పరాక్రమమును కన్నులకు కట్టునట్లు వర్ణింతురు. తీసినవారెవరని అడిగినచో మాత్రము చెప్పలేరు. వారికొఱకును, వారి తల్లిదండ్రులకొఱకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఈ మార్పులోని అంతరము ఎంతటిదో చూతము. మార్క్ వెబ్ అనునతడు 2009లో “500 డేస్ ఆఫ్ సమ్మర్” అను ప్రేమకథను సుమారు 75 లక్షల డాలర్లతో తీసెను. 2012లో అతడు తీసిన “ది అమేజింగ్ స్పైడర్ మాన్” చిత్రమునకు సుమారు 23 కోట్ల డాలర్లు వ్యయమయ్యెను. మూడు సంవత్సరములలో ముప్పది రెట్లు! జాన్ వాట్స్ 2015లో “కాప్ కార్” అను చిన్న చిత్రమును తీసెను. ఇద్దఱు బాలురు ఒక పోలీసు అధికారి కారును దొంగిలించుటయే దాని కథ. రెండేండ్లకే, 2017లో, “స్పైడర్ మాన్ హోమ్‌కమింగ్” అతని పేరుతో వెలువడెను. న్యూజీలాండ్ దేశీయుడగు టైకా వైటిటి 2016లో “హంట్ ఫర్ ది వైల్డర్‌పీపుల్” అను చిత్రములో పెంపునకు వచ్చిన యొక బాలుడును, ముక్కోపియగు నొక వృద్ధుడును అడవిలో తిరుగాడుటను చూపెను. ఆ మఱుసటి యేడే సుమారు 18 కోట్ల డాలర్ల వ్యయముతో “థోర్ రాగ్నరాక్” తీసెను. ఎడ్లబండి తోలువానిని పిలిచి రైలింజను నప్పగించినట్లు లేదా?

సంస్థలవారు లెక్కలు తెలియనివారు కారు. మఱి యిట్లేల చేయుదురు? నాకు మూడు కారణములు తోచుచున్నవి. మొదటిది, ఇట్టి చిత్రములకు జనమును రప్పించునది వీరుని పేరు గాని దర్శకుని పేరు కాదు. స్పైడర్ మాన్ 1962లోనే బొమ్మల పుస్తకములలో పుట్టినవాడు. తాతలకును మనుమలకును తెలిసినవాడు. అట్టి వీరుడుండగా దర్శకుని పేరుకొఱకు వేఱుగా మూల్యము చెల్లింపనేల? రెండవది, పేరుగాంచిన దర్శకుడు చిత్రపు తుదికూర్పుపై తనకే అధికారము కావలెనని పట్టుబట్టును. నిన్నటివఱకు అప్పుచేసి చిత్రము తీసినవాడు అట్లు పట్టుబట్టజాలడు. మార్వెల్ స్టూడియోస్ వారి చిత్రములు ఒకదానితో నొకటి గొలుసు కట్లవలె ముడివడియుండును. 2007లో ఆ సంస్థకు అధ్యక్షుడైన కెవిన్ ఫైగీ ఆ గొలుసు నంతటిని చేతబట్టి నడపెను. గొలుసులో ఒక కట్టు తన యిచ్చవచ్చిన దిక్కునకు పోరాదు గదా!

మూడవ కారణము మాత్రము గౌరవింపదగినది. మొగముపై ముసుగును, ఒడలిపై కవచమును ధరించినవాడు తెఱమీద ఎంత ఎగిరినను, లోపల మనుష్యుడున్నాడని మనకు తోచనియెడల కొంతసేపటికి విసుగు పుట్టును. ఆ మనుష్యుని చూపుట చిన్న చిత్రములు తీయువారికి వచ్చిన విద్య. వారియొద్ద మేడలను కూల్చుటకు సొమ్ములేదు కావున వారు మొగములను చూచిరి. ఒక తల్లి తలుపువద్ద క్షణమాగుట, ఒక బాలుడు అబద్ధము చెప్పుటకు ముందు పెదవి తడుపుకొనుట, ఇట్టివే వారి ధనము. అద్దములో కొండను చూపుట వారికి తెలియును. ఇప్పుడు సంస్థలవారు వారికి నిజమైన కొండనే యిచ్చి, అందులో అద్దమునకు చోటెక్కడనో వెదకికొమ్మని చెప్పుచున్నారు.

ఆ చోటు ఎంత యిఱుకో తెలియవలెనన్న ఇట్టి చిత్రము తయారగు విధమును తెలిసికొనవలయును. ఆకాశయుద్ధమువంటి ఘట్టములను నటులు రంగమునకు రాకముందే నెలల తరబడి కంప్యూటరుమీద కదలు బొమ్మలుగా సిద్ధపఱతురు. దీనిని ప్రీవిజువలైజేషన్ అందురు. ఇల్లు కట్టకముందు గీయు పటమువంటిది ఇది. పోరాటములను తీయు రెండవ దళమునకు వేఱొక దర్శకుడుండును. చిత్రము విడుదల కావలసిన తేది పలుమాఱు దర్శకుని నియమించుటకు ముందే ప్రకటింపబడియుండును. చిత్రీకరణము ముగిసిన పిమ్మట తన కూర్పును సిద్ధపఱచుటకు అమెరికా దర్శకుల సంఘపు ఒడంబడిక దర్శకునకు 10 వారముల గడువు నిచ్చును. తుదికూర్పుపై హక్కు లేనివానికి ఆ తరువాతి మాట తనది కాదు, సంస్థది.

అర్జెంటీనా దేశపు దర్శకురాలగు లుక్రేసియా మార్టెల్ 2018లో ఒక సంగతిని బహిరంగముగ చెప్పెను. “బ్లాక్ విడో” చిత్రమునుగూర్చి మార్వెల్ వారు తనతో మాటలాడినపుడు, కథానాయిక స్వభావమును చిత్రించుటయే ఆమె పని యనియు, పోరాటఘట్టములనుగూర్చి ఆమె చింతింపనక్కఱలేదనియు, వానిని తామే చూచుకొందుమనియు చెప్పిరట. ఆ పోరాటములను సైతము తానే తీయుట తన కిష్టమని ఆమె తెలిపెను. తుదకు ఆ చిత్రమును తీసినది ఆమె కాదు; 2021లో వెలువడిన దానికి దర్శకురాలు కేట్ షార్ట్‌లాండ్. సంస్థవారి మాటలో దయ లేకపోలేదు. క్రొత్తవారిపై బరువు తగ్గింతమని వారు తలచియుందురు. కాని ఒక మనుష్యుడు పోరాడు తీరులో ఆతని మనస్సు కానరాదా? భయపడి కొట్టువాడొకడు, జాలిపడుచు కొట్టువాడొకడు. మనస్సు ఒకరి వంతును, చేయి మఱియొకరి వంతును అయినచో ఆ రెండింటిని కలుపువారెవరు?

ఈ సంగతి నా వృత్తివలన నాకు కొంత తేటపడినది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు పాఠపథకములను గళ్ళుగీసి వ్రాయ నేర్పిరి. అడుగవలసిన ప్రశ్నయేది, నల్లబల్లపై వ్రాయవలసినదేది, చూపవలసిన పటమేది అని ముందుగనే నిర్ణయించుకొందుము. ఆ పథకము నాకు మేలే చేసినది. నేటికిని దానిని విడువలేదు. కాని పథకము నొకరు వ్రాసి, ప్రశ్నల నొకరు వేసి, బల్లపై మఱియొకరు వ్రాసి, పిల్లల మొగములను చూచుట మాత్రము నా పని యన్నచో నేనేమి చూడగలను? నేను వేసిన ప్రశ్నకు బాలుని మొగము మాఱుటయే గదా నేను చూడవలసినది! చూచుటయు చేయుటయు ఒక్కరి యందుండిననే చూపునకు ఫలము.

ఇట్టి చిక్కులోబడినవారిలో జాష్ ట్రాంక్ ఒకడు. 2012లో, ఇరువదియెనిమిదేండ్లయినను పూర్తిగా నిండనినాడు, “క్రానికల్” అను తన మొదటి పూర్తినిడివి చిత్రముతో పేరుపొందెను. హఠాత్తుగా బలము లభించిన ముగ్గురు విద్యార్థుల కథ యది. సుమారు 1 కోటి 20 లక్షల డాలర్లతో తీయబడినది. పిమ్మట “ఫెంటాస్టిక్ ఫోర్” అప్పగింపబడెను. దాని వ్యయము సుమారు 12 కోట్ల డాలర్లు, అనగా పది రెట్లు. దర్శకునికిని సంస్థకును పొత్తు కుదరలేదు. కొన్ని ఘట్టములు మరల తీయబడెను. 2015 ఆగస్టులో చిత్రము వెలువడు సమయమున, తాను తలపోసిన మంచి రూపమును ప్రేక్షకులు బహుశః ఎన్నడును చూడబోరని ట్రాంక్ ట్విట్టరులో వ్రాసి, తరువాత దానిని తీసివేసెను. ప్రపంచమంతట ఆ చిత్రమునకు వచ్చినది సుమారు 17 కోట్ల డాలర్లు మాత్రమే. థియేటర్ల వాటాయు ప్రకటనల వ్యయమును పోగా అది నష్టమే. తప్పెవరిదని తీర్పు చెప్పుట మన పని కాదు. అతని తదుపరి చిత్రము 2020వఱకు వెలువడలేదన్నది మాత్రము గమనింపదగినది. చిన్నతనమున ఎత్తుకొన్న పెద్దబరువు జాఱినపుడు సంస్థకు కొన్ని కోట్లు పోవును. మనుష్యునకు కొన్ని సంవత్సరములే పోవును.

దీనికి ప్రక్కన రయన్ కూగ్లర్ కథను పెట్టి చూడుడు. అతడు 1986లో కాలిఫోర్నియా రాష్ట్రపు ఓక్లాండ్ నగరమున పుట్టినవాడు. 2009 జనవరి 1వ తేదీన ఆ నగరపు రైలుస్టేషనులో పోలీసు తుపాకిగుండుకు బలియైన యొక యువకుని చివరి దినమును అతడు “ఫ్రూట్‌వేల్ స్టేషన్” అను చిత్రముగా తీసెను. వ్యయము సుమారు 9 లక్షల డాలర్లు. 2013లో సండాన్స్ ఉత్సవమున న్యాయనిర్ణేతల ప్రధాన బహుమానమును, ప్రేక్షకుల బహుమానమును రెండును దానికే లభించినవి. 2015లో, 4 కోట్ల డాలర్లకు మించని వ్యయముతో, ముష్టియుద్ధవీరుని కథయగు “క్రీడ్” తీసెను. ఆ పిమ్మటనే 20 కోట్ల డాలర్ల “బ్లాక్ పాంథర్” అతని చేతికి వచ్చెను.

ఇక్కడనే నేను పేర్ల పట్టికను చదువు అలవాటు ఫలించినది. “బ్లాక్ పాంథర్” ఛాయాగ్రహణము రేచెల్ మారిసన్‌ది, సంగీతము లుడ్విగ్ యోరాన్సన్‌ది, రంగాలంకరణము హానా బీచ్లర్‌ది. ఈ మువ్వురును 9 లక్షల డాలర్ల “ఫ్రూట్‌వేల్ స్టేషన్”లో పనిచేసినవారే! యోరాన్సన్ అయితే విశ్వవిద్యాలయములోనే కూగ్లర్‌తో స్నేహము కలిసినవాడు. పెద్దింటికి పిలుపు వచ్చినపుడు కూగ్లర్ తన చిన్నింటివారిని వెంటబెట్టుకొని పోయెను. అంతేకాదు, తన యూరినిగూడ తీసికొనిపోయెను. ఆఫ్రికాలోని వకాండా అను కల్పితరాజ్యపు కథయైనను దాని తొలిభాగములోనే 1992 నాటి ఓక్లాండ్ వీథియు, బంతియాడు పేదపిల్లలును కనబడుదురు. ప్రతినాయకుడు ఆ వీథిలో పెరిగినవాడే. వాని కోపములో అతని మొదటి చిత్రపు దుఃఖమే వేఱు రూపమున వినబడును. 2018లో వెలువడిన ఆ చిత్రము ప్రపంచమంతట 130 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించెను. 2019లో మూడు ఆస్కార్ బహుమానములు పొందెను. అందు రెండు యోరాన్సన్, బీచ్లర్‌ల పనికి వచ్చినవి. మూడవది రూత్ కార్టర్ దుస్తుల రచనకు.

మెట్టువెంబడి మెట్టెక్కినందున కూగ్లర్ నెగ్గెనని కొందఱందురు. అందులో నిజము కలదు. క్రిస్టఫర్ నోలన్ సైతము అట్లే యెక్కెను. 1998 నాటి అతని “ఫాలోయింగ్” సుమారు 6,000 డాలర్లతో, పనిపాటులు చేసికొను స్నేహితులకు వారాంతమున తీరిక దొరకినపుడెల్ల, ఏడాది పాటు తీయబడినది. 2000లో “మెమెంటో”, 2002లో సుమారు 4 కోట్ల 60 లక్షల డాలర్లతో “ఇన్‌సోమ్నియా”, 2005లో 15 కోట్ల డాలర్లతో “బ్యాట్‌మాన్ బిగిన్స్”. కాని మెట్లు మాత్రమే చాలునని చెప్పుటకు వీలులేదు. వైటిటి ఒక్క అంగలోనే దుమికెను. అయినను “థోర్ రాగ్నరాక్”లో తన హాస్యమును విడువలేదు. నటులచే అప్పటికప్పుడు మాటలు కల్పించి పలికించెను. రాతిదేహము గల కోర్గ్ అను పాత్రకు తానే, తన దేశపు మెత్తని యాసతో, గొంతు నిచ్చెను. ఆ చిత్రము 85 కోట్ల డాలర్లు దాటి ఆర్జించెను. కావున మెట్ల సంఖ్యకంటె, పైకెక్కినపుడు చేతిలో నేమి మిగిలినదన్నదే ముఖ్యమని నాకు తోచుచున్నది.

ఇంతమాత్రమున, తన సొంతమును నిలుపుకొన్నవాడు గెలుచును, నిలుపుకొననివాడు ఓడును అని నేను సూత్రము కట్టుట లేదు. లోకము అంత సుళువుగా లెక్కకు దొరకదు. క్లోయీ జావో 2017 నాటి “ది రైడర్” చిత్రమును దక్షిణ డకోటాలో, నటనము వృత్తిగా లేనివారితో, వారి బ్రదుకునే కథగా మలచి తీసెను. అట్టి ఆమెకు 2018లో మార్వెల్ వారు “ఇటర్నల్స్” నప్పగించిరి. అది వెలువడకముందే, 2021 ఏప్రిల్‌లో, “నోమాడ్‌ల్యాండ్” అను చిన్న చిత్రమునకు ఆమె ఉత్తమ దర్శకత్వపు ఆస్కార్ పొందెను. “ఇటర్నల్స్”లోను ఆమె తన పద్ధతిని విడువక, నిజమైన సముద్రతీరములకు పోయి సహజమైన వెలుగులో తీసెను. అయినను ఆ చిత్రము విమర్శకుల మెప్పు పొందలేదు. మఱియొకవంక జాన్ వాట్స్ మూడు స్పైడర్ మాన్ చిత్రములు తీయగా మూడవది 2021లో 190 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించినది. ఆ యంత్రము చక్కగా నడచినది. అతని పేరు మాత్రము సామాన్య ప్రేక్షకునకు తెలియదు. సొమ్ము ఒక కొలత, మెప్పు ఒక కొలత. పనిచేసినవాని ఆత్మతృప్తికి ఈ రెండును కొలతలు కావు.

ఈ విషయమై నే నింతగా ఆలోచించుటకు కారణము మా పూర్వవిద్యార్థి యొకడు వ్రాసిన యుత్తరము. చదువుకొన్ననాళ్ళలో వెనుకబల్లపై మాటలాడక కూర్చుండువాడు. ఫోను కెమేరాతో రెండు పొట్టి చిత్రములు తీసెను. ఒకదానిలో బట్టలు ఇస్త్రీచేయు తన నాయనమ్మయే కథానాయిక. వాటిని చూచి పట్టణములోని యొక సంస్థవారు తమ పెద్ద ధారావాహికలో కొన్ని భాగములకు దర్శకుడుగా రమ్మని పిలిచిరి. కథ వ్రాయబడినది, నటులు కుదిరిరి, తేదీలు నిర్ణయమైనవి. “మాస్టరుగారూ, ఇందులో నే నెవడను? పోవుదునా, మానుదునా?” అని అతని ప్రశ్న. ఇంటిలో చెల్లెలి చదువు ఖర్చు అతని మీదనే యున్నదని నాకు తెలియును. మానుమని వ్రాయుట సులభము, కాని ఆ సలహాకు మూల్యము చెల్లింపవలసినది వాడు గాని నేను కాను.

నే నిట్లు వ్రాసితిని: “నాయనా, పొమ్ము. పోవుటకు ముందు రెండు సంగతులు అడిగి తెలిసికొమ్ము. నీతోకూడ పనిచేసినవారిలో ఒక్కరినైనను వెంట దెచ్చుకొననిత్తురా? ఏ చిన్న విషయములోనైనను తుదిమాట నీదిగా నుండునా? రెండింటికిని లేదన్నచో అది దర్శకుని పని కాదు, కూలిపని. కూలిపనియు గౌరవమైనదే, దానిని కూలిపనిగా నెఱిగి చేసి, జీతము తెచ్చుకొని, రాత్రివేళ నీ మూడవ చిత్రమును వ్రాసికొమ్ము.” కొన్ని దినములకు జాబు వచ్చినది. తన రెండు చిత్రములకును ధ్వనిగ్రహణము చేసిన స్నేహితుని తీసికొనుటకు సంస్థవా రొప్పిరట. తుదిమాట సంగతి మాత్రము తేలలేదట. అయినను పోయినాడు. ఫలమెట్లుండునో కాలమే చెప్పవలెను.

పెద్ద పని ముగించి మరల చిన్న పనికి వచ్చినవారిని చూచినపుడు నాకు ధైర్యము కలుగును. మార్క్ వెబ్ రెండు స్పైడర్ మాన్ చిత్రముల పిమ్మట 2017లో, సుమారు 70 లక్షల డాలర్లతో, లెక్కలలో అసాధారణ ప్రజ్ఞగల యొక బాలికను గూర్చి “గిఫ్టెడ్” తీసెను. మొదటి చిత్రమునకైన వ్యయమునకే తిరిగి వచ్చెనన్నమాట. జావో 2025లో “హామ్నెట్” అను కుటుంబదుఃఖపు కథను తీసెను. కూగ్లర్ అదే సంవత్సరమున “సిన్నర్స్” అను స్వంతకథను తీయుచు, 25 సంవత్సరముల పిమ్మట ఆ చిత్రపు హక్కులు తనకు తిరిగి వచ్చునట్లు ఒడంబడిక చేసికొనెను. ఒకనాడు తుదిమాట అడుగజాలని చిన్న దర్శకుడు ఇట్టి నియమమును అడిగి పొందగలిగెననుట సామాన్యము కాదు. జేమ్స్ గన్ సంగతి మఱింత విచిత్రము. 2010లో “సూపర్” అను చౌకచిత్రమును తీసి, 2014లో “గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ”కి దర్శకుడైన అతడు 2022లో డీసీ స్టూడియోస్ అధిపతులలో నొకడుగా నియమింపబడెను. నియమింపబడినవాడు నియమించువాడయ్యెను. తాను చిన్నవాడైనపుడు కోరిన చోటును ఇతరుల కెంతవఱకు ఇచ్చునో చూడవలసియున్నది.

విద్యార్థులారా, మీలో కొందఱికి ముందు ముందు మీ శక్తికి మించిన పెద్ద పనులకు పిలుపు రావచ్చును. అది ఆసుపత్రి కావచ్చును, కార్యాలయము కావచ్చును, చిత్రరంగమే కావచ్చును. పని పెద్దదని వెఱవకుడు. పెద్దదగుటచేతనే అది మీదైనదని భ్రమపడకుడు. మీతో నడచినవారు మీ ప్రక్కనున్నారా, మీరు చూచినదానిని మీరే చేయు చోటు చారెడంతైనను కలదా అని విచారించి యడుగు పెట్టుడు.

తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. మీ పిల్లలు ఒక చిన్న కథ వ్రాసినను, ఒక పొట్టి చిత్రము తీసినను “ఇక పెద్దదెప్పుడు?” అని వెంటనే యడుగవలదు. కూర్చుండి దానినే పూర్తిగా చూడుడు. రేపు పెద్ద పని దొరకిననాడు వారు వెంట తీసికొనిపోదగినది ఏమైనను ఉన్నచో అది ఆ చిన్నదానిలోనే యుండును.